మూత తియ్యకు

రాత్రి తొమ్మిదింటికి
ఎనిమిది పౌన్ల పంది భుజం
ఉప్పూ మిరియాలూ బ్రౌన్ షుగరూ పట్టించి
ఉల్లిపాయ చక్రాల మీద పడుకోబెట్టాను,
కొవ్వు వైపు పైకి.
ఒక కప్పు వెనిగర్, చిటికెడు ఎండుమిరప గింజలు.
మూత పెట్టి, మీట ‘లో’ మీదికి తిప్పాను.
అంతే.
వంట అని చెప్పుకోవడానికి సిగ్గేసేంత చిన్న పని.

ఈ స్లో కుక్కర్ చర్చి పాత సామాన్ల అమ్మకంలో
రెండు డాలర్లకి కొన్నది.
ఒంటినిండా నారింజరంగు పువ్వులు.
గాజు మూతకి పిడి విరిగితే సీసా బిరడా బిగించాను.
పదకొండేళ్ళు సింకు కింద, బ్లీచ్ డబ్బాల వెనక దాచాను,
దొంగసారా దాచినట్టు.

ఎందుకంటే నేను కాపురం చేస్తున్నది థర్స్టన్‌తో.
కిన్‌స్టన్ దాటాక రోడ్డు పక్క గొయ్యి దగ్గర
నలభై ఒక్క ఏళ్ళు రాత్రంతా కూర్చుని
ఓక్ బొగ్గులు పారతో చల్లిన మనిషితో.
పెళ్ళయిన కొత్తలో దిండు గలీబుకి పొగ వాసన.
పిల్లనెత్తుకుంటే పిల్లకి పొగ వాసన.
బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే అమ్మాయి
తలెత్తకుండానే ‘రండి, బ్రాక్స్‌టన్ గారూ’ అనేది.
కరెంటు మీద ఉడికినదాన్ని బార్బెక్యూ అన్నందుకు
ఒకాయనతో రెండేళ్ళు మాట్లాడలేదు.
ఆ ఒకాయన సొంత తమ్ముడు, రూడెల్.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
పొగ వచ్చి ఎక్కడికి పోతుందో ఎవరూ అనలేదు.
డాక్టరు ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టాడు:
ఊరు ఊరంతా తిన్న శనివారాలన్నీ
అక్కడున్నాయి, రెండు పక్కలా.
‘ఇక గొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు.’
థర్స్టన్ టోపీ తీశాడు. చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.
పొడవు యాభై అడుగులు.
వంటగది దాకా వస్తుంది.
పెరడు దాకా రాదు.

మెలకువ వచ్చేసరికి మూడయింది.
పక్క ఖాళీ.
హాల్లో నేల మీద గొట్టం పాకుతున్న చప్పుడు.
తర్వాత, టింగ్.
మూత తీస్తే అరగంట పోతుంది, తియ్యకు అని
అరవబోయి నోరు మూసుకున్నాను.
నలభై ఒక్క ఏళ్ళు ఈ వేళకే లేచి
మాంసం ఎలా ఉందో చూడటానికి వెళ్ళినవాడు.
వేళ మారలేదు.
దారి పొట్టిదయింది.

కుర్చీ కిర్రుమంది. మళ్ళీ టింగ్.
పడకగదిలోకి వాసన వచ్చింది:
పులుపు, తీపి, కరుగుతున్న కొవ్వు.
ఒక్కటి తప్ప అన్నీ ఉన్న వాసన.
ఆ ఒక్కటీ ఆయన చొక్కాల్లో ఇంకా ఉంది,
ఎన్నిసార్లు ఉతికినా.

ఏడింటికి కావలసింది తొమ్మిదిన్నరకి అయింది.
ఎన్నిసార్లు తీశావని అడగలేదు.
ఐదు.

ఎముక పట్టుకుని లాగాడు.
సబ్బు చేతి నుంచి ఉంగరం జారినట్టు వచ్చేసింది.
‘ఊఁ’ అన్నాడు.
నేనిచ్చిన రెండు ఫోర్కులూ పక్కకి నెట్టి
చేత్తోనే విడదీశాడు.
ఆ వేళ్ళు వేడిని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి.
పీచు వెంట పీచు,
చిక్కుపడ్డ జడ విప్పుతున్నంత ఓపికగా.
నాకెప్పుడూ అంత ఓపికగా విప్పలేదు.

‘ఇది బార్బెక్యూ కాదు, ఆర్డెలియా.’
‘కాదు.’
‘మరి పేరేమిటి?’
‘పేరెందుకు? బన్ను అందుకో.’

మెత్తటి బన్ను, క్యాబేజీ తురుము, పైన ఇంత వెనిగర్ పులుసు.
ఒకటి తిన్నాడు.
కిటికీలోంచి పెరట్లోకి చూశాడు.
గొయ్యి మీద కప్పిన రేకు, రేకు పల్లంలో వాన నీళ్ళు,
అందులో ఓ పిట్ట మునుగుతూ లేస్తూ
మహా హడావిడి పడుతోంది.
రెండోదానికి చెయ్యి చాపాడు.

‘ఉప్పు ముందు రోజే పట్టించాలి’ అన్నాడు నోట్లో ముద్దతో.
కాసేపాగి,
‘ఒక డబ్బా రూడెల్‌కి పంపు.
ఎందులో వండావో మాత్రం చెప్పకు.’